రాత్రి దీపాలు జనాన్ని లెక్కపెట్టగలవా?

అమావాస్య రాత్రి ఆలంపూరును ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తే ఏం కనిపిస్తుంది? జోగుళాంబ గుడి కనిపించదు, నవబ్రహ్మ ఆలయాలూ కనిపించవు. ఒక చిన్న వెలుగు చుక్క, అంతే. తుంగభద్రకు ఆవల కర్నూలు మాత్రం పెద్ద మచ్చలా మెరుస్తుంది. తూర్పున నల్లమల అంతా చీకటి.

ఇలా చూడటం అనుకోకుండా మొదలయింది. 1970 దశకంలో అమెరికా వాతావరణ ఉపగ్రహాలకు వెన్నెలలో మేఘాలను చూడగల పరికరం అమర్చారు. మబ్బు లేని రాత్రుల్లో దానికి ఊళ్ళ దీపాలే కనిపించాయి! 2011లో ఎగిరిన సుయోమి ఎన్.పి.పి. ఉపగ్రహం ఇంకా నిశితంగా చూస్తుంది. దాని చిత్రంలో ఒక్కొక్క గడి సుమారు 750 మీటర్లు.

దీపాలకూ జనాభాకూ సంబంధం ఏమిటంటారా? జనాభా తెలిసిన ఊళ్ళను తీసుకొని, ఎంత వెలుగుకు ఎంతమంది వున్నారో ముందు లెక్క కడతారు. ఆ లెక్కతో తక్కిన చోట్ల అంచనా వేస్తారు. మన దేశంలో 2011 తరువాత 2021లో జరగవలసిన జనాభా లెక్కలు వాయిదా పడ్డాయి. అటువంటప్పుడు ఊరు ఏ వైపు పెరుగుతున్నదో ఏటేటా చూపే చిత్రాలు ఎంతో ఉపయోగం.

అయితే ఇక్కడ ఒక చిక్కు వున్నది. ఉపగ్రహం చూసేది దీపాన్ని, మనిషిని కాదు. పైగా సుయోమి మన మీదుగా వచ్చేది రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో. అప్పటికి ఇళ్ళలో దీపాలు ఆర్పేసి వుంటారు గదా! వీధి దీపాలదే రాజ్యం. ఇంకో తమాషా చూడండి: దాని కంటికి నీలి వెలుగు ఆనదు. అందుచేత పసుపుపచ్చని సోడియం దీపాలు తీసి తెల్లని ఎల్.ఇ.డి. దీపాలు పెడితే, మనకు వీధి ఎప్పటిలాగే వున్నా, చిత్రంలో ఊరు మసకబారవచ్చు. జనం తగ్గిపోయారని పొరబడే ప్రమాదం వున్నది.

అసలు కష్టం పాలమూరు జిల్లాలోనే తెలుస్తుంది. వలసలకు పేరుపడిన జిల్లా ఇది. ఇక్కడి కూలీలు ఆనకట్టలు, కాలువలు కట్టడానికి దేశంలో ఎక్కడెక్కడికో వెళ్ళారు. పనుల కాలంలో కుటుంబాలు పిల్లలతో సహా ఇంటికి తాళం వేసి బయలుదేరితే, బడిలో హాజరు పడిపోతుంది. కాని వీధి దీపం ఎప్పటిలాగే వెలుగుతుంది. చిత్రంలో చుక్క చెక్కుచెదరదు. వాళ్ళు దిగిన చోట గుడిసెలో వెలిగే ఒక్క బల్బును ఉపగ్రహం విడిగా గుర్తించలేదు.

అందుకే శాస్త్రజ్ఞులు ఒక్క దీపాల చిత్రాన్నే నమ్ముకోరు. పగటి చిత్రాలలో ఇళ్ళ కప్పులు చూస్తారు, జనాభా లెక్కలతో పోల్చుకుంటారు. తాళం వేసిన ఇల్లు ఏదో తెలియాలంటే మాత్రం ఎవరో ఒకరు ఆ వీధిలో నడిచి తలుపు తట్టవలసిందే.