మూలుగ సూది ఎక్కడ పొడవాలి?

ఎండాకాలం వస్తే భద్రాచలం అడవుల్లో తునికాకు పని మొదలవుతుంది. పొదల్లో వెతికి, వంగి తెంపి, 50 ఆకులకో కట్ట కట్టి కల్లానికి మోయాలి. సీజన్ ముగిసేసరికి మోకాళ్లు లెక్క అడుగుతాయి. ఇటు ఖమ్మం మిర్చి యార్డులో బస్తాలెత్తే హమాలీకి భుజం పట్టేస్తుంది. మోకాలికి ‘గుజ్జు అరిగింది’ అంటారు, భుజానికి ‘నరం పట్టింది’ అంటారు. (జనం నరం అనేది చాలాసార్లు నరం కాదు, కండను బొక్కకు కట్టి ఉంచే తాడు.) ఇప్పుడు వీటితో పాటు మరో మాట ప్రచారంలోకి వచ్చింది: మీ మూలుగే తీసి మీ కీలులోకి ఎక్కిస్తే గుజ్జు మళ్లీ పుడుతుందని.

మూలుగ మనకు కొత్త వస్తువేమీ కాదు. మూలుగ బొక్క కోసం కూర గిన్నె దగ్గర కొట్లాడుకోని ఇల్లుందా? బతికున్న మనిషిలో అది రక్తం తయారయ్యే చోటు. అందులోనే కొద్దిపాటిగా మరో రకం మూలకణాలుంటాయి. బొక్కగా, గుజ్జుగా, కొవ్వుగా మారగలవి అవి. 1960ల నుంచీ మాస్కోలో అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టెయిన్ వీటి మీద పని చేశాడు. పెద్దవాళ్ల మూలుగలో పదివేల నుంచి లక్ష కణాలు వెతికితే ఇలాంటిది ఒకటి దొరుకుతుంది. అందుకే నడుం వెనక తుంటెముక అంచులోకి లావు సూది దింపి మూలుగ లాగుతారు, యంత్రంలో గిర్రున తిప్పి చిక్కబరుస్తారు, ఆ చిక్కటి భాగాన్నే నొప్పి ఉన్న చోట ఎక్కిస్తారు. లాగడంలోనూ పనితనముంది. ఒకేచోట నుంచి గుంజుతూ పోతే మొదటి కొద్ది మిల్లీలీటర్ల తర్వాత వచ్చేది ఎక్కువగా మామూలు రక్తమే.

మరి గుజ్జు పుడుతుందా? అమెరికాలోని మయో క్లినిక్ వైద్యులు రెండు మోకాళ్లూ అరిగిన 25 మందికి ఒక మోకాలిలో మూలుగ సారం, రెండో దాంట్లో ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించారు. ఏ కాలికి ఏది పడిందో రోగికి చెప్పలేదు. నొప్పి తగ్గింది, కానీ రెండు మోకాళ్లకూ ఒకేలా తగ్గింది. ఆ ఫలితం 2017లో అచ్చయింది. 2023లో వచ్చిన ఇంకో పెద్ద పరీక్షలో 475 మందిని చూశారు. ఏడాది గడిచాక మూలుగ సూది, చవగ్గా దొరికే స్టెరాయిడ్ సూది కంటే మెరుగని తేలలేదు. అసలు ఈ కణాలకు 1991లో ‘మూలకణాలు’ అన్న పేరును వాడుకలోకి తెచ్చిన ఆర్నాల్డ్ కాప్లానే 2017లో ఆ పేరు మార్చమని రాశాడు. ఇవి చేసే పని కొత్త కండరమో గుజ్జో కట్టడం కాదు, చుట్టుపక్కల కణాలకు మందులాంటి సంకేతాలు పంపడమేనని ఆయన వాదన. నొప్పి కొంతకాలం తగ్గొచ్చు. దాని కోసం మిర్చి చేను తాకట్టు పెట్టడం మాత్రం దండగ.

అలాగని ఈ సూదిని చెత్తలో పడేయనక్కర్లేదు. భుజం తాడు తెగినప్పుడు ఆపరేషన్‌తో కుట్టి, దానికి తోడుగా మూలుగ ఎక్కించిన 45 మందిని, ఉత్త కుట్టుతో సరిపెట్టిన 45 మందిని ఫ్రాన్స్‌లో ఫిలిప్ ఎర్నిగు పదేళ్లు గమనించాడు. కుట్టు నిలిచింది మొదటివారిలో 87 శాతం మందికి, రెండోవారిలో 44 శాతం మందికి. ఇక్కడ సూది ఆపరేషన్‌కు తోడు మాత్రమే, బదులు కాదు.

ఇదే ఎర్నిగు చేసిన మరో పని మన అడవికి నేరుగా తగులుతుంది. ఇక్కడి కోయ గిరిజనుల రక్తం శాస్త్రవేత్తలకు పాత పరిచయమే. 1975లో ఒక వింత హీమోగ్లోబిన్‌కు ‘కోయ దొర’ అనే పేరే పెట్టారు. అంతకంటే బాధపెట్టేది సికిల్ సెల్ జబ్బు. ఎర్రకణం కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. తుంటి బంతికి రక్తం చేరే దారులే తక్కువ, అవి మూసుకుపోతే బొక్క లోలోపలే చచ్చిపోతుంది. కొన్నాళ్లకు బంతి కుంగిపోతుంది, ఇరవై ఏళ్ల పిల్లవాడు కుంటుతాడు. తుంటికి సన్నని రంధ్రం వేసి, లోపలి ఒత్తిడి తగ్గించి, మూలుగ సారం పోసే పద్ధతిని ఎర్నిగు 116 మందిలో 189 తుంటులకు చేశాడు. వారిలో సికిల్ సెల్ రోగులూ ఉన్నారు. 2002లో ప్రచురించిన లెక్క ఇది: బంతి కుంగకముందే చేసిన 145 తుంటుల్లో కీలు మార్పిడి దాకా వెళ్లినవి 9. కుంగాక చేసిన 44లో 25. పోల్చి చూడటానికి సూది వేయని బృందం అందులో లేదు కాబట్టి దీన్ని చివరి తీర్పనలేం. అయినా కాలం విలువ తెలియడానికి ఆ రెండు అంకెలూ చాలు.

చిక్కంతా ఇక్కడే. తుంటి చెడితే నొప్పి చాలామందికి మోకాలిలో తెలుస్తుంది. తుంటికీ మోకాలికీ పోయే నరాల దారి ఒకటే కావడం అందుకు కారణం. తొలి దశలో మామూలు ఎక్స్‌రేలో తుంటి బాగానే కనిపిస్తుంది, ఎంఆర్ఐ తీస్తేనే బయటపడుతుంది. మోకాలికి సూది మీద సూది పడుతుంటే, తుంటి నిశ్శబ్దంగా కుంగుతూ ఉంటుంది.

రూలు సంగతి కూడా తెలుసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ జబ్బులకు చేసే మూలుగ మార్పిడి లాంటివి తప్ప మిగతా మూలకణ చికిత్సలు పరిశోధనల కిందికే వస్తాయి. బెంగళూరు కంపెనీ స్టెంప్యూటిక్స్ దాతల మూలుగ నుంచి ప్రయోగశాలలో పెంచిన కణాలకు 2022లో మోకాలి అరుగుదల కోసం అనుమతి వచ్చింది. అదే రోజు లాగి అదే రోజు ఎక్కించే సొంత మూలుగ వేరు, అది వేరు. ఫలానా అనుమతి చూపిస్తే అది దేనికిచ్చారో అడగండి.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద 40 ఏళ్లలోపు వారికి ఆ జబ్బు ఉందో లేదో పరీక్ష చేస్తున్నారు. వేలి మీద ఒక్క రక్తపు చుక్క చాలు. ఏజెన్సీలో ఏ యువకుడైనా తుంటి నొప్పితోనో, కారణం తెలియని మోకాలి నొప్పితోనో వస్తే, ఏ సూదికీ ఒప్పుకోకముందు ఆ పరీక్ష చేయించండి.