ఛాయాచిత్రములందు పిల్లల చిఱునవ్వు



మన గుంటూరు, ప్రకాశము మండలములందలి యే గ్రామమునకు పోయినను, ఏ యింటి వసారాలో కూర్చున్నను, గోడమీద వరుసగా ఫొటోలు వ్రేలాడుచుండుట చూడగలము. పెద్దల పటములు, పెండ్లి పటములు, వాని నడుమ పిల్లల పటములు. ఆ పిల్లల ముఖములను కొంచెము నిదానించి చూడుడు. వీధిలో కోతికొమ్మచ్చి యాడునప్పుడు కలకలలాడు ముఖమే పటమునందు కొయ్యబాఱియుండును. పెదవులు సాగియున్నను కన్నులు నవ్వవు. నేడు సెల్‌ఫోను చేతనున్న ప్రతివాడును ఛాయాగ్రాహకుడే యైనను ఈ లోపము తీఱలేదు. దీనికి కారణమేమి, నివారణమేమి యనునది నేటి ప్రసంగవిషయము.

తొలిదినములలో దీనికి యంత్రమే కారణము. 1839లో ఫ్రాన్సుదేశమునందు డాగేరు తన పద్ధతిని లోకమునకు వెల్లడించినప్పుడు, ఒక్క పటమునకు కొన్ని నిమిషములు కదలకుండ నుండవలసి యుండెను. ఆ తరువాతను చాలకాలము, తల కదలకుండ వెనుక ఇనుప ఊతను నిలిపెడివారు. పసిబిడ్డయైనచో తల్లి గుడ్డ కప్పుకొని వెనుక దాగి బిడ్డను పట్టుకొనెడిది. చిఱునవ్వును అంతసేపు నిలుపుట యెవరి తరము? 1871 తరువాత వచ్చిన జెలటిన్ పలకలతో ఆ కాలము సెకనులో లేశమాత్రమునకు తగ్గినది. 1900లో కోడక్ కంపెనీవారు బ్రౌనీ యను చిన్న కెమెరాను ఒక డాలరు వెలకు విక్రయించి, పిల్లలచేతికే కెమెరాను అందించిరి. యంత్రము మాఱినది, "కదలకుము, బిగిసి నిలువుము" అను మన యాజ్ఞ మాత్రము మాఱలేదు.

ఎదుట నెవరున్నారను దానినిబట్టి మనుష్యుని ముఖము విప్పారుటయో ముడుచుకొనుటయో జరుగును. ఆఱవ నిజాము ఆశ్రయమున ప్రసిద్ధికెక్కిన రాజా దీనదయాళు (1844–1905) ఈ మర్మము నెఱిగినవాడు. 1892లో ఆయన హైదరాబాదునందు స్త్రీలకొఱకు ప్రత్యేకముగా జనానా స్టూడియో నెలకొల్పి, అందు ఫొటోలు తీయుటకు ఒక ఆంగ్లవనితను నియమించెను. పరదా వీడని స్త్రీలకు సంకోచము కలుగకుండుటకే ఆ యేర్పాటు. పిల్లలకును ఇట్టి యేర్పాటే కావలయును. గోడలతో గాదు, మన నడవడితో.

ఇక నవ్వు స్వరూపమెట్టిది? నాట్యశాస్త్రమున భరతముని హాసమును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని ఆఱు విధములుగ విభజించెను. స్మితమున చెక్కిళ్లు కొంచెము వికసించును, పలువరుస కనబడదు; హసితమున ముఖమును కన్నులును విప్పారును, పండ్లు కొంచెము కనబడును. ఈ లక్షణములలో పెదవులకంటె చెక్కిళ్లకు, కన్నులకు ప్రాధాన్యము గలదని గమనింపుడు. 1862లో డుషేన్ అను ఫ్రెంచి వైద్యుడు ముఖకండరములను విద్యుత్తుతో కదలించి పరీక్షించి, ఇంచుమించు ఈ మాటయే చెప్పెను. నోటికొనలను పైకి లాగు కండరము మన యాజ్ఞకు లోబడును. కంటిచుట్టునున్న కండరము సాధారణముగ నిజమైన సంతోషమునకే కదలును. కావున "నవ్వు" అని మన మాజ్ఞాపించినచో బిడ్డ పెదవులను మాత్రమే మనకీయగలడు.

ఈ సంగతి గ్రంథములవలన తెలిసినదైనను నా బుద్ధికి నాటినది వేఱొక విధముగ. నేను పల్లెబడిలో పనిచేయు దినములలో ఒక సంవత్సరాంతమున అయిదవ తరగతి పిల్లలకు ఫొటో తీయించితిని. మిట్టమధ్యాహ్నము, ఎదురెండ. వరుస చెదరునేమోయని బెత్తము చేతబట్టి నిలిచి, "కదలకండి, నవ్వండి!" అని కేకవేసినవాడను నేనే. ఆ పిల్లలలో నొకడు మిరపకోతకు వచ్చి మా యూరనే నిలిచిపోయిన కూలివారి బిడ్డ. వాని నవ్వు ముందు వినబడి, పిమ్మట వాడు కనబడెడివాడు. ఆ వర్షాకాలమున జ్వరము తగిలి వాడు పోయెను. కొన్నాళ్లకు తల్లి మా యింటికి వచ్చి ఫొటో చూపుమని యడిగినది. వానికి వేఱొక పటము లేదు. చాలసేపు చూచి, "మా వోడు ఎప్పుడూ ఇట్టా ఉండడు గదండీ మేష్టారూ" అనినది. నేనేమియు బదులు చెప్పలేకపోతిని. పటములో వాడు చూచుచున్నది కెమెరాను గాదు, నా బెత్తమును.

కావున చేయవలసినదేమో చెప్పెదను. మొదటిది వెలుతురు. మన మైదానములలో ఎండ తీక్ష్ణము. మధ్యాహ్నమున కనుగుంటలలో నీడ పడును. ఎదురెండలో బిడ్డ కన్నులు చిట్లించును. ఉదయము ఎనిమిది గంటలలోపల, సాయంకాలము నాలుగున్నర తరువాత మేలు. నడుమ తప్పనిచో వసారా యంచున నీడలో, ముఖము వాకిటివైపున కుండునట్లు కూర్చుండబెట్టుడు. ప్రత్తితీత దినములలో తెల్లని ప్రత్తికుప్ప ప్రక్క నిలిపినచో అది వెలుతురును ముఖముపైకి మెత్తగ మరలించును. ప్రత్తి లేనిచో తెల్లపంచె చాలును. మిరపకళ్లము చూడ ముచ్చటయే గాని, దగ్గఱనున్నచో దాని యెఱుపు చెక్కిళ్ల రంగును మార్చును, ఘాటు కంట నీరు తెప్పించును. దానిని వెనుక దూరముగ నుంచుకొనుడు.

రెండవది, మీరు క్రిందికి దిగుట. నిలుచుండి పైనుండి తీసినచో బిడ్డ తల యెత్తి భయముతో చూచును. నేలపై కూర్చుండి వాని కన్నుల యెత్తునకు కెమెరాను తెండు. అయితే సెల్‌ఫోనును మిక్కిలి దగ్గఱకు తేరాదు. ముక్కు పెద్దదై ముఖము వికృతమగును. రెండడుగులు వెనుకకు జరుగుడు.

మూడవది, నవ్వుమనకుండుట. పిల్లవానికి పని కల్పింపుడు: గోలీలు, తాటికాయల బండి, అవ్వతో అష్టాచెమ్మ. లేదా, "మీ దూడకు మూడు కొమ్ములట గదా?" యని యడుగుడు. పెద్దవాని తప్పు దిద్దుటకంటె పిల్లలకు సంతోషము వేఱొకటి లేదు. ముందుగా కెమెరాను వాని చేతికిచ్చి మీ ఫొటో తీయనిండు. దానితో బెదరు పోవును. "అయినది, ఇక పోవచ్చును" అనినపుడు బిగువు వీడి ముఖమున వచ్చు వెలుగుకు సిద్ధముగ నుండుడు. కూర్చున్న బిడ్డకు సెకనులో 250వ వంతు, పరుగెత్తువానికి 500వ వంతు కాలము చాలును.

చివరకు ఒక మనవి. బుగ్గపై దిష్టిచుక్కను తుడువకుడు; అది తల్లి ప్రేమగుఱుతు. ఏడ్చుబిడ్డను నవ్వింప బలవంతపెట్టకుడు. సిగ్గరియైన బిడ్డ నవ్వకున్నను లోపము లేదు. ఆ ముఖమును వానిదే. పరుల బిడ్డ ఫొటోను తలిదండ్రుల యనుమతి లేక తీయకుడు, పదిమందికి పంపకుడు.

ఆ మఱుసటియేడు మొదలు నేను బెత్తమును బడిలోనే విడిచి, సాయంకాలము వేళ పిల్లలను చెఱువుగట్టునకు తీసికొనిపోయి ఫొటోలు తీయించితిని. వరుసలు వంకరపోయినవి, ఇద్దఱు ముగ్గురు ప్రక్కకు చూచుచున్నారు. కాని ఏ తల్లి చూచినను తన బిడ్డను గుర్తుపట్టగలదు. ఛాయాచిత్రమునకు అంతకుమించిన ప్రయోజన మేమున్నది?