టై లైను

ఒకే సంస్థకు చెందిన రెండు కార్యాలయాల అంతర్గత టెలిఫోను ఎక్స్ఛేంజీలను నేరుగా కలిపే లైనును టై లైను అంటారు. ఇటువంటి అంతర్గత ఎక్స్ఛేంజిని పీబీఎక్స్ అని, భారతదేశంలో ఎక్కువగా ఈపీఏబీఎక్స్ అని వ్యవహరిస్తారు. టై లైను ఉన్నప్పుడు ఒక ఊరి కార్యాలయంలోని ఉద్యోగి మరొక ఊరి సహోద్యోగితో, పక్క గదికి ఫోను చేసినట్లే, నాలుగంకెలు నొక్కి మాట్లాడగలడు. కాల్ ఏ లైనుపై, ఏ అంకెలతో పోవాలో ఎక్స్ఛేంజి నిర్ణయించే పద్ధతిని కాల్ రూటింగు అంటారు. ఈ వ్యవస్థలలో తలెత్తే ఇబ్బందులలో అనేకం లైను తెగిపోవుటచేత గాక, అంకెలు తప్పుగా అందుటచేత కలుగుతాయి.

రకాలు

తొలినాళ్ళలో టై లైను అనగా టెలిఫోను శాఖ నుండి అద్దెకు తీసుకున్న తీగల జత. తరువాత ఈ1 డిజిటల్ లైన్లు వాడుకలోకి వచ్చాయి. సెకనుకు 2.048 మెగాబిట్ల వేగము గల ఈ1 లైనులో 32 కాలభాగాలు ఉంటాయి. వాటిలో సాధారణంగా ఒకటి సమకాలీకరణకు, ఒకటి సంకేతాలకు పోగా, 30 సంభాషణలు ఒకేసారి జరుగగలవు. నేడు ఎక్కువగా ఐపీ నెట్‌వర్కుపై సిప్ అనే నియమావళి ద్వారా ఎక్స్ఛేంజీలను కలుపుతున్నారు. సాధనం మారినా రూటింగు సూత్రం మారలేదు.

పనిచేయు విధానం

దీనిని తపాలా పద్ధతితో పోల్చవచ్చు. పిన్‌కోడులో మొదటి అంకె ప్రాంతాన్ని తెలుపుతుంది. అది చూసి సంచీ ఎటు పంపాలో నిర్ణయించవచ్చు, ఇంటి నంబరుతో పని లేదు. అట్లే మొదటి ఎక్స్ఛేంజి ముందు అంకెలను చూసి కాల్‌ను సరైన లైనుపై పెడుతుంది. చివరి ఫోనును వెదకుట రెండవ ఎక్స్ఛేంజి పని.

ఉదాహరణకు ఒక సంస్థ హైదరాబాదు కార్యాలయంలో 2000 నుండి 2999 వరకు, విజయవాడ కార్యాలయంలో 3000 నుండి 3999 వరకు ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయనుకుందాం. హైదరాబాదులో 3125 నొక్కితే అక్కడి ఎక్స్ఛేంజి మూడుతో మొదలయ్యే నాలుగంకెల సంఖ్యలను టై లైనుకు పంపాలి. విజయవాడ ఎక్స్ఛేంజి 3125ను తన ఎక్స్‌టెన్షనుగా గుర్తించి గంట మోగించాలి.

సాధారణ లోపాలు

* అదనపు అంకెలు: టై లైను పట్టుటకు ముందు 8 నొక్కే పద్ధతి ఉన్నచోట, ఆ 8ని తొలగించకుండా పంపితే అవతలికి 83125 అందుతుంది. అటువంటి ఎక్స్‌టెన్షను లేదు గనుక కాల్ విఫలమవుతుంది.
* అంకెలు తగ్గుట: 31 అనేది హైదరాబాదులో మరేదైనా సదుపాయానికి సంకేతంగా ఉంటే, మిగిలిన అంకెలు నొక్కకముందే ఎక్స్ఛేంజి దానినే అమలు చేయవచ్చు.
* తిరుగు మార్గం లేకపోవుట: హైదరాబాదు నుండి కాల్స్ పోతాయి కాని విజయవాడ నుండి రావు. రెండు దిశలకు రెండు వేర్వేరు రూటింగు పట్టికలు ఉంటాయని గుర్తుంచుకోవాలి.
* అనుమతి లేకపోవుట: మార్గం సరిగా ఉన్నా, ఆ ఎక్స్‌టెన్షనుకు టై లైను వాడే అనుమతి ఉండకపోవచ్చు. అట్టి చోట ఒక ఫోను నుండి కాల్ పోయి, పక్క ఫోను నుండి పోదు.
* చక్రభ్రమణం: తనకు తెలియని ప్రతి సంఖ్యను ఇవతలి ఎక్స్ఛేంజి అవతలికి, అవతలిది ఇవతలికి పంపేటట్లు అమర్చితే, ఒక్క తప్పు కాల్ అటూ ఇటూ తిరుగుతూ ప్రతిసారీ ఒక మార్గాన్ని ఆక్రమిస్తుంది. 30 మార్గాలూ కొద్దిసేపటిలో నిండిపోయి ఇతరులకు లైను దొరకదు. టై లైనుపై వచ్చిన కాల్‌ను తిరిగి అదే లైనుపై పంపకుండా నిషేధించుట దీనికి నివారణ.

లోపాన్ని కనుగొనే క్రమం

1. ప్రతి కార్యాలయంలో అంతర్గత కాల్స్ పనిచేస్తున్నవో లేదో చూడాలి.
2. టై లైను సజీవంగా ఉన్నదో లేదో ఎక్స్ఛేంజి సూచికలలో చూడాలి.
3. రెండు దిశలలోనూ విడివిడిగా, ఒకటి కంటె ఎక్కువ ఫోన్ల నుండి పరీక్షించాలి.
4. ఒకే పరీక్షా కాల్‌కు, ఇవతలి ఎక్స్ఛేంజి పంపిన అంకెలను, అవతలి ఎక్స్ఛేంజికి అందిన అంకెలను నమోదు చేసి పోల్చాలి. ఇదే కీలకమైన మెట్టు.
5. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేసి, పాత అమరికను వ్రాసి ఉంచుకోవాలి.

గంట మోగి, ఎత్తిన తరువాత ఒకరి మాట ఒకరికి వినబడకపోతే అది సాధారణంగా రూటింగు లోపం కాదు. ఐపీ లైన్లలో ఫైర్‌వాల్, చిరునామా మార్పిడి వంటివాటిని పరిశీలించాలి.

కారణ సంకేతాలు

విఫలమైన డిజిటల్ కాల్‌తో పాటు ఒక సంఖ్య వెనుకకు వస్తుంది. ముఖ్యమైనవి:

* 1: ఆ సంఖ్య ఎవరికీ కేటాయించలేదు (సిప్‌లో 404)
* 3: గమ్యానికి మార్గం లేదు (సిప్‌లో 404)
* 17: అవతలి ఫోను ఖాళీగా లేదు (సిప్‌లో 486)
* 21: కాల్‌ను తిరస్కరించారు (సిప్‌లో 403)
* 28: సంఖ్య రూపం సరిగా లేదు, లేక అసంపూర్ణం (సిప్‌లో 484)
* 34: ఖాళీ మార్గం లేదు (సిప్‌లో 503)

సంకేతం 1 వస్తే అంకెలను, 34 వస్తే లైన్ల రద్దీని లేదా చక్రభ్రమణాన్ని ముందుగా అనుమానించాలి.

అత్యవసర కాల్స్

రూటింగు పొరపాటు ప్రాణాపాయానికి దారితీయవచ్చు. పై ఉదాహరణలో విజయవాడ నుండి బయటికి పోయే కాల్స్ అన్నిటినీ హైదరాబాదు లైన్ల ద్వారా పంపితే, విజయవాడలో 108 నొక్కినవారి కాల్ తెలంగాణ కేంద్రానికి చేరవచ్చు. ఆ అంబులెన్సు ఆంధ్ర ప్రదేశ్ లోని రోగిని చేరలేదు. బయటి లైనుకు ముందు 0 నొక్కవలసిన కార్యాలయంలో, కంగారులో 0 మరచినవారి కాల్ అసలు పోకపోవచ్చు.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 2013లో కారీ హంట్ అనే మహిళపై ఒక హోటలు గదిలో దాడి జరిగినపుడు, ఆమె తొమ్మిదేళ్ళ కుమార్తె 911కు పలుమార్లు ఫోను చేసినా కలవలేదు. బయటి లైనుకు ముందుగా 9 నొక్కాలని ఆ బాలికకు తెలియదు. కారీ హంట్ మరణించింది. దీని ఫలితంగా 2018లో వచ్చిన కారీ చట్టం ప్రకారం, 2020 ఫిబ్రవరి 16 తరువాత అమర్చే బహుళ లైన్ల టెలిఫోను వ్యవస్థలలో ముందు అంకె లేకుండానే 911 పనిచేయాలి.

కావున ప్రతి కార్యాలయపు అత్యవసర కాల్స్ ఆ ఊరి స్థానిక లైనుపైనే, ముందు అంకె ఉన్నా లేకున్నా పోయేటట్లు అమర్చుట శ్రేయస్కరం. టై లైను రూటింగులో ఏ చిన్న మార్పు చేసినా, అత్యవసర సంఖ్యల మార్గాన్ని కూడా సరిచూసిన పిమ్మటనే పని పూర్తయినట్లు భావించాలి.