బళ్ళారి కోట

బళ్ళారి నగరంలో రెండు పెద్ద రాతికొండలు ఉన్నాయి. ఒకటి బళ్ళారి గుడ్డ, రెండవది కుంబార గుడ్డ. తెలుగులో గుట్ట అనేదే కన్నడంలో గుడ్డ. తెలుగువారి కుమ్మరే కన్నడిగుల కుంబార. కోట ఉన్నది బళ్ళారి గుడ్డ మీద. దానిని కాలినడకన చూసినవారికే దాని కట్టుబడి చక్కగా తెలుస్తుంది.

కోటలో రెండు భాగాలు ఉన్నాయి. కొండ మొదట ఉన్నది దిగువకోట. శిఖరం మీద ఉన్నది ఎగువకోట. దిగువకోటకు తూర్పున ఒకటి, పడమర ఒకటి ద్వారాలు ఉన్నాయి. తూర్పు ద్వారం వెలుపల కోటె ఆంజనేయస్వామి ఆలయం ఉంది. ప్రాకారం వెంట నడిస్తే బురుజులు, కందకం కనిపిస్తాయి.

అక్కడి నుండి పైకి ఒకటే దారి. ఎగువకోటను విజయనగర సామంతుడైన హనుమప్ప నాయకుడు కట్టించాడని చెబుతారు. రాతి శిఖరం మీద బావి తవ్వడం కష్టం. అందుచేత బండల సందులలో వాననీటిని దొనలుగా నిలిపారు. ముట్టడి వేళ కోటలోనివారికి ఆ నీరే ఆధారం.

18వ శతాబ్దం ఉత్తరార్ధంలో హైదర్ అలీ ఈ కోటను వశపరచుకున్నాడు. ఒక ఫ్రెంచి ఇంజనీరు చేత దిగువకోటను కట్టించాడు. పని పూర్తయ్యాక చూస్తే, కుంబార గుడ్డ కోట కన్నా ఎత్తుగా ఉందట! అక్కడ ఫిరంగులు నిలిపితే కోటకు ముప్పు తప్పదు. హైదర్ కోపించి ఇంజనీరును ఉరితీయించాడని జనం చెప్పుకుంటారు. తూర్పు ద్వారం దగ్గరి సమాధి అతనిదేనని కొందరు, ఒక ముస్లిం సాధువుదని మరికొందరు అంటారు. ఉరి సంగతి విన్నమాట. ఎదుటి కొండ ఎత్తు కంటికి కనిపించే నిజం. చరిత్ర చదివేవారు ఈ రెంటినీ కలిపివేయరాదు.

1792లో టిప్పు సుల్తాను చేసుకున్న సంధి వల్ల బళ్ళారి నిజాంకు దక్కింది. 1800లో నిజాం దానిని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. ఆ రెండుసార్లూ కోటను చేతులు మార్చినవి ఒప్పందాలే. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రరాష్ట్రంలో చేరాయి. ఎల్లలు మారినా కొండ కదలలేదు. కన్నడం మాట్లాడేవారికీ, తెలుగు మాట్లాడేవారికీ, ఉర్దూ మాట్లాడేవారికీ అది ఊరి కోటే. దాని గోడల మీద పేర్లు చెక్కడమంటే అందరి పుస్తకంలో ఒక పుటను చింపివేయడమే.