పాత ఇనుమైనా పరాయి సొత్తే!



"పాత ఇనుప సామాన్లు కొంటాం..." అనే కేక వినపడని వీధి మన ఊళ్లలో ఉండదు. విరిగిన కొడవలో, అరిగిన నాగటి కర్రో ఇచ్చి ఐసుపుల్లలో, ఉల్లిపాయలో తీసుకున్నవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. ఇంట్లో పెద్దలకు చెప్పి మన వస్తువు మనం అమ్ముకుంటే తప్పు లేదు. పాత సామాన్లు కొని, అమ్మి బతికేవాళ్లలో ఎక్కువమంది మనలాంటి కష్టజీవులే. కానీ "ఎవరికీ అక్కరలేని తుక్కే కదా" అని ఇతరుల వస్తువు మీద చెయ్యి వేస్తే మాత్రం అది నేరం.

నేనూ ఇలాంటి హాస్టల్లోనే చదువుకున్నాను. పదో తరగతి సెలవుల్లో మా ఊరి పాత ఇనుము కొట్టతను నా ఈడు కుర్రాళ్లు ఇద్దరికి డబ్బు ఆశ చూపి, పొలాల్లోని మోటారు వైర్లు కోసుకు రమ్మన్నాడు. పిల్లలు దొరికిపోయారు. కొట్టతను "నాకేం తెలియదు" అని తప్పుకున్నాడు. ఊరంతా ఆ కుర్రాళ్లనే దొంగలన్నది. వాళ్లలో ఒకడు సిగ్గుతో మళ్లీ బడి ముఖం చూడలేదు. ఆనాడు మా ఇళ్లల్లో ఎవరికీ చట్టం తెలియదు. ఇప్పుడు నేను న్యాయశాస్త్రం చదువుతున్నాను కనుక, ఆ రోజు మాకు ఎవరూ చెప్పని మాటలు మీకు చెప్పాలనుకుంటున్నాను.

దొంగతనం అంటే ఏమిటి?

1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులోని 303వ సెక్షన్ ప్రకారం, ఒకరి ఆధీనంలో ఉన్న వస్తువును వారి అనుమతి లేకుండా, కాజేయాలనే ఉద్దేశంతో కదిలించడమే దొంగతనం. అది కొత్తదా, తుప్పు పట్టినదా అనే దానితో పని లేదు. ఎవరిది, వారిని అడిగి తీసుకున్నావా లేదా అన్నదే ముఖ్యం. నేలలో పాతిన కంచె కడ్డీని పీకిన మరుక్షణం అది కూడా దొంగిలించదగిన వస్తువే అవుతుంది.

శిక్షలు ఎలా ఉంటాయి?

1. మామూలు దొంగతనం: 3 ఏళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి కూడా నేరం రుజువైతే ఏడాదికి తగ్గకుండా 5 ఏళ్ల వరకు కఠిన జైలుశిక్ష, జరిమానా. అయితే వస్తువు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి శిక్ష పడుతున్న వ్యక్తి ఆ వస్తువునో, దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే జైలుకు బదులు సమాజ సేవ చేయిస్తారు. తప్పు దిద్దుకునేవారికి కొత్త చట్టం ఇచ్చిన అవకాశం ఇది.

2. ప్రభుత్వ సొత్తు: 305వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలు, జరిమానా. పంచాయతీ చేతిపంపు, బడి బెంచీ, ఆఖరికి మన హాస్టల్ స్టోరు గదిలో పడి ఉన్న విరిగిన ఇనుప మంచం కూడా ప్రభుత్వ సొత్తే. పనికిరాని వాటిని అమ్మేందుకు ప్రభుత్వానికి ఒక పద్ధతి ఉంది. మూల పడి ఉన్నంత మాత్రాన అవి ఎవరివీ కాకుండా పోవు.

3. కరెంటు సామాను: 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కింద లైను తీగలు, మీటరు, ఇతర సామగ్రి దొంగిలిస్తే 3 ఏళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే 6 నెలలకు తగ్గకుండా 5 ఏళ్ల వరకు జైలు, 10,000 రూపాయలకు తగ్గని జరిమానా. కొంచెం రాగి కోసం ట్రాన్స్‌ఫార్మర్ పగలగొడితే దాని కింద ఉన్న మోటార్లన్నీ ఆగిపోతాయి. పొట్ట మీద ఉన్న వరి ఎండిపోతుంది. ఆ చేలలో మన అమ్మానాన్నలు కూలికి వెళ్లే చేలు కూడా ఉంటాయి.

4. రైల్వే సామాను: 1966 నాటి ప్రత్యేక చట్టం కింద 5 ఏళ్ల వరకు జైలు. దొంగ సొత్తు అని అనుమానించదగిన రైల్వే వస్తువు మన దగ్గర దొరికితే అది న్యాయంగా వచ్చిందని మనమే రుజువు చేసుకోవాలి. ఇక ప్రయాణికుల ప్రాణాలకు ముప్పు అని తెలిసీ పట్టాలు, వాటి భాగాలు ఊడదీస్తే 1989 రైల్వే చట్టం 150వ సెక్షన్ కింద యావజ్జీవ శిక్ష కూడా పడవచ్చు.

కొన్నవాడు, పంపినవాడు

తిలాపాపం తలా పిడికెడు అన్నారు పెద్దలు. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి కూడా కొన్నవాడికి 317వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు. అదే అలవాటుగా పెట్టుకున్న వ్యాపారికి యావజ్జీవం, లేదా 10 ఏళ్ల వరకు జైలు. పిల్లలను పురమాయించి నేరం చేయించే పెద్దవాళ్లకు 95వ సెక్షన్ కింద 3 ఏళ్లకు తగ్గకుండా 10 ఏళ్ల వరకు జైలు. పైగా ఆ నేరం తానే చేసినట్టు దాని శిక్ష కూడా పడుతుంది. "నాకేం తెలియదు" అన్నంత మాత్రాన తప్పించుకోలేరు.

పిల్లలు పట్టుబడితే?

2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారిని లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. ఆ మండలిలో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సంఘసేవకులు ఉంటారు. వారిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. మండలి మందలించి పంపవచ్చు, కౌన్సెలింగ్ ఇప్పించవచ్చు, సమాజ సేవ చేయించవచ్చు, అవసరమైతే ప్రత్యేక గృహానికి పంపవచ్చు. పిల్లల పేరు, ఫోటో పత్రికల్లో వేయకూడదు. దొంగతనం కేసులో మండలి తీర్పు వల్ల తరువాత చదువుకు, ఉద్యోగానికి అనర్హత రాకూడదని కూడా చట్టం చెబుతోంది. మా ఊరి కుర్రాడు బడి మానాల్సిన అవసరమే లేదు. ఈ మాట అతనికి చెప్పినవాళ్లు లేకపోయారు. అయితే 18 ఏళ్లు దాటాక ఈ రక్షణలు వర్తించవు.

ఎస్.సి., ఎస్.టి. వర్గాలవారికి, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. 15100కు ఫోన్ చేయవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. ఈ రెండు నంబర్లు మీ నోటుపుస్తకం అట్ట మీద రాసుకోండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ సెలవుల్లో ఎవరైనా "ఆ తీగ తెస్తే ఇంత ఇస్తాను" అంటే, "తెచ్చిన నాకే కాదు, తెమ్మన్న నీకూ శిక్షే" అని ధైర్యంగా చెప్పండి. ఇంటికి వెళ్లాక ఈ వ్యాసం మీ అమ్మానాన్నలకు చదివి వినిపించండి.

– మీ పూర్వ విద్యార్థి, ఎల్.ఎల్.బి. చివరి సంవత్సరం