మేళ్లచెరువు దారుల ప్రణాళికలో ఊరి మాట

సూర్యాపేట జిల్లాలో కృష్ణానదికి చేరువగా ఉన్న మేళ్లచెరువు, చింతలపాలెం, మఠంపల్లి మండలాల నేలలో సున్నపురాయి విస్తారంగా ఉన్నందున అక్కడ సిమెంటు కర్మాగారాలు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. బొగ్గును తెచ్చే లారీలు, సిమెంటును మోసుకెళ్లే లారీలు తిరిగే దారుల మీదే వడ్ల ట్రాక్టర్లు, బడిపిల్లలు, కోదాడ, హుజూర్‌నగర్ వైపు వెళ్లే పల్లెవెలుగు బస్సులు, మహాశివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతరకు వచ్చే జనం కూడా సాగవలసి ఉంటుంది. ఇన్ని అవసరాలను ఒకే పటం మీదికి తెచ్చి, రాబోయే రెండు మూడు దశాబ్దాల్లో ఏ సరుకు ఏ దారిన పోవాలో, ఏ ఊరికి ఏ వేళ బస్సు అందాలో నిర్ణయించే పత్రమే ప్రాంతీయ రవాణా ప్రణాళిక. నగరాలు 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం తరువాత ఇటువంటి పత్రాలను తయారుచేసుకుంటున్నాయి; హైదరాబాదు మహానగర ప్రాంతానికి 2041 వరకు చూపు సారించిన రవాణా అధ్యయనమే ఉన్నది. పట్టణం కాకపోయినా పట్టణాన్ని మించిన బరువును మోస్తున్న మేళ్లచెరువు వంటి ప్రాంతానికి ఆ అవసరం ఏమాత్రం తక్కువ కాదు.

ఈ ప్రాంతపు హద్దులు జిల్లా హద్దులతో సరిపోవు. ఖమ్మం జిల్లా మోటుమర్రిలో మొదలయ్యే రైలుమార్గం ఆంధ్రప్రదేశ్‌లోని జగ్గయ్యపేటను తాకి, తిరిగి తెలంగాణలోకి వచ్చి, మేళ్లచెరువు మీదుగా నల్లగొండ జిల్లా విష్ణుపురం చేరుతుంది. ప్రధానంగా సరుకు రవాణాకు ఉపయోగపడుతున్న ఈ మార్గంలో రెండో లైను వేయడానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఫిబ్రవరిలో, దేశవ్యాప్తంగా సుమారు 12,343 కోట్ల రూపాయల అంచనాతో చేపట్టిన ఆరు పనుల్లో ఒకటిగా ఆమోదం తెలిపింది. ఆ పట్టాల మీద ప్రయాణికులకు ఎంత చోటు దక్కాలన్నది ఊళ్లవారిని అడిగి తేల్చవలసిన విషయం. బస్సు ప్రయాణానికీ సరిహద్దు అడ్డు వస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహిళల ఉచిత ప్రయాణం రాష్ట్రం పొలిమేర దాకానే చెల్లుతుంది కనుక, మేళ్లచెరువు నుంచి జగ్గయ్యపేట వెళ్లే స్త్రీకి ఆ ప్రయాణం ఖర్చుతో కూడినదవుతుంది.

ప్రజలను అడగడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పర్యావరణ ప్రభావ అంచనాకు సంబంధించిన 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పెద్ద సిమెంటు కర్మాగారానికో, పెద్ద గనికో అనుమతి ఇచ్చే ముందు కనీసం 30 రోజుల గడువుతో పత్రికల్లో ప్రకటన ఇచ్చి, కలెక్టరు లేదా ఆయన తరఫున తగిన హోదా గల అధికారి అధ్యక్షతన, కాలుష్య నియంత్రణ మండలి ఆధ్వర్యంలో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. సభనంతా వీడియో తీయాలి. అయితే ఆ సభ ఆ ఒక్క పరిశ్రమ నివేదికను గురించినదే గనుక, అన్ని కర్మాగారాల లారీలనూ కలిపి లెక్కించి వాటికి వేరు దారి వేయాలా, సరుకును రైలుకు మళ్లించాలా అన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు. జాతీయ రహదారికి భూమి తీసుకునేటప్పుడు 21 రోజులు, ప్రత్యేక రైల్వే పథకానికైతే 30 రోజులు అభ్యంతరాలకు గడువు ఉంటుంది. కానీ అప్పటికే మార్గరేఖ, అంటే దారి ఏ పొలాల మీదుగా పోవాలన్నది, గీసి ఉంటుంది, పైగా మాట్లాడే హక్కు ఆ భూమితో సంబంధం ఉన్నవారికే పరిమితం. ఈ చట్టాలన్నీ ‘అభ్యంతరం ఉందా?’ అని అడుగుతాయే తప్ప ‘ఎక్కడికి, ఎప్పుడు వెళ్లవలసి ఉంది?’ అని అడగవు. లోపం ఇక్కడే ఉన్నది.

ఇంతకంటె మెరుగైన పద్ధతి 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో కనిపిస్తుంది. రోడ్డు నమూనా ఖరారు కాకముందే ఇంజినీరు సర్పంచినీ రెవెన్యూ సిబ్బందినీ గ్రామస్థులనూ వెంటబెట్టుకొని ఆ దారి పొడవునా నడిచి, ఎక్కడ ఇల్లు పోతుందో, ఎక్కడ నీరు నిలుస్తుందో విని రాసుకోవాలని ఆ పథకం నిర్దేశిస్తుంది. అది ఒక్కో రోడ్డుకు చేసే పని. ప్రాంతమంతటికీ చేయవలసి వస్తే నడకతో పాటు ప్రయాణాల సర్వే కూడా కావాలి. కూడలిలో నిలబడి వాహనాలను లెక్కించే సర్వే జరిగిన ప్రయాణాలనే చూపుతుంది. సాయంత్రం బస్సు లేక కాలేజీ మానిన అమ్మాయి, బండి దొరక్క ఆసుపత్రికి వెళ్లని వృద్ధుడు ఆ లెక్కలోకి రారు. వారి ఇళ్లకు వెళ్లి, వారిని గ్రామసభలో కూర్చోబెట్టి అడిగితేనే వారి అవసరం తెలుస్తుంది. కనుక సంప్రదింపును ప్రణాళిక పూర్తయ్యాక జరిపే తంతుగా కాక, దానికి మూలమైన కొలతగా చూడవలసి ఉంటుంది. షిఫ్టు కార్మికులకూ వ్యవసాయ కూలీలకూ పగటిపూట సభ కుదరదు గనుక వేళలు కూడా వారిని బట్టే నిర్ణయించాలి.

ఈ పనికి వేదిక రాజ్యాంగంలోనే ఉన్నది. 243జెడ్‌డి అధికరణం కింద ఏర్పడవలసిన జిల్లా ప్రణాళికా సంఘంలో కనీసం అయిదింట నాలుగు వంతుల సభ్యులు స్థానిక సంస్థలకు ఎన్నికైనవారి నుంచే రావాలి. పంచాయతీల, పురపాలికల ప్రణాళికలను కలిపి జిల్లా ప్రణాళికగా కూర్చడం ఆ సంఘం విధి. సూర్యాపేట జిల్లా సంఘం రవాణా అధ్యాయాన్ని రాసేటప్పుడు జగ్గయ్యపేట ప్రతినిధులను, రైల్వేను, రెండు రాష్ట్రాల ఆర్టీసీలను కూర్చోబెట్టి, ముసాయిదా పటాన్ని తెలుగులో ప్రతి పంచాయతీ కార్యాలయంలోనూ ఉంచి, వచ్చిన సూచనల్లో దేనిని స్వీకరించిందీ, దేనిని ఎందుకు కాదన్నదీ తిరిగి గ్రామసభలో చదివి వినిపించాలి. సిమెంటు కర్మాగారాల అభిప్రాయ సేకరణలో సభా వివరాలను అక్కడికక్కడే స్థానిక భాషలో చదవాలన్న నియమం ఇప్పటికే అమలులో ఉన్నందున, మేళ్లచెరువు ప్రజలు కోరదగిన ఈ పద్ధతి వారికి తెలియనిదేమీ కాదు.