చావు కాదు, కుర్చీ!

చెడ్డవాడి కథకు ముగింపు అంటే తుపాకీ గుండో, జైలు ఊచలో అనుకుంటాం కదూ! 2002 నుంచి 2008 దాకా వచ్చిన అమెరికన్ సీరియల్ 'ది షీల్డ్'లో హీరోకి ఆ రెండూ లేవు.

లాస్ ఏంజెలెస్ పోలీసు విక్ మాకీ మొదటి ఎపిసోడ్‌లోనే తోటి పోలీసును కాల్చి చంపుతాడు. ఎన్ని ఘోరాలు చేసినా అంతా ఇంటివాళ్ల కోసమేనంటాడు. చివరికి శిక్ష పడకుండా ఒప్పందం చేసుకుని, నేరాలన్నీ ఒప్పుకుంటాడు. నమ్మిన స్నేహితుడు రోనీ మాత్రం అరెస్టవుతాడు. విడాకులు తీసుకున్న భార్య కొరీన్, ముగ్గురు పిల్లలతో అతనికి తెలియని ఊరికి వెళ్లిపోతుంది. విక్‌కు మిగిలింది మూడేళ్లపాటు ఓ ఆఫీసు కుర్చీ, రాయాల్సిన రిపోర్టులు!

'ఇంతేనా?' అనిపించొచ్చు. కానీ చచ్చిపోయి ఉంటే వీరుడయ్యేవాడు, మనమూ కన్నీళ్లు పెట్టుకునేవాళ్లం. ఎవరి పేరు చెప్పి పాపాలు చేశాడో, వాళ్ల ముఖం కూడా చూడలేక బతకడం కంటే తగిన శిక్ష ఏముంది? 'మీ కోసమే' అన్న మాటను ఓ ఆడది నమ్మడం మానేసింది. అసలు ముగింపు అదే!